గూడు లేకుండా తోటలో నాటుకోళ్లు: పొద్దుగూకే ముందు ఆ అరగంట

నా చిన్నప్పుడు మా ఊళ్లో కోళ్లకని ఎవరూ షెడ్డు కట్టగా చూడలేదు. పిల్లల కోడి గంప కింద, పెట్టలు గొడ్లపాక దూలం మీద, పుంజు పెరట్లో వేపకొమ్మ మీద. తెల్లారేసరికి అన్నీ దిగొచ్చి పెంటకుప్ప మీద పడేవి. ఆ ధీమాతోనే నూజివీడు దగ్గర మా మామిడి తోటలో 22 నాటుకోళ్లు తెచ్చి వదిలాను. మూడు నెలలు తిరిగేసరికి 13 మిగిలాయి.

ఎందుకలా జరిగిందో తర్వాత నింపాదిగా ఆలోచిస్తే అర్థమైంది. ఊళ్లో కోడికి ఊరే గూడు. రాత్రి పదింటిదాకా మనుషుల అలికిడి, వీధిలైటు, అరుగు మీద దగ్గుతూ పడుకున్న తాత, చీమ చిటుక్కుమన్నా మొరిగే కుక్క. నక్క రావాలంటే ఇవన్నీ దాటి రావాలి. తోటలో ఇవేవీ లేవు. కాబట్టి షెడ్డు లేకుండా ఆరుబయట కోళ్లు పెంచాలంటే, ఊరు ఊరికే చేసిపెట్టిన కాపలాని మీరు ఒక్కొక్కటిగా మళ్లీ ఏర్పాటు చేసుకోవాలి. ఖర్చు పెద్దగా ఉండదు. కానీ రోజూ సాయంత్రం ఒక అరగంట మీరో, మీ మనిషో అక్కడ ఉండి తీరాలి. అది కుదరదనుకుంటే షెడ్డు కట్టించుకోండి, తప్పేం లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ పద్ధతిలో ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏడాదికి కొన్ని కోళ్లు పోతాయి. ఒక్క కోడి కనబడకపోతే రాత్రంతా నిద్రపట్టని మనిషికి ఇది పడదు.

ముందు చోటు చూసుకోండి

కోళ్లు కొనకముందే నాలుగైదు రాత్రులు టార్చి పట్టుకుని తోటంతా తిరగండి. వెలుతురు పడితే జంతువుల కళ్లు మెరుస్తాయి, ఎన్ని జతలున్నాయో తెలుస్తుంది. పొద్దున్నే బోదెల్లో తడిమట్టి మీద అడుగులు చూడండి. నక్క అడుగులో, కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతి అడుగులో పడవు, అది గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. మీ చుట్టుపక్కల గొర్రెలు మేపేవాళ్లను అడగండి. ఏ గట్టు కింద నక్క బొరియ ఉందో, ఏ పొదలో బావురుపిల్లి ఈనిందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

చోటు ఎంపికలో నేను చూసేవి మూడు. కనీసం ఒక ఇల్లో, మనిషి పడుకునే పాకో దగ్గర్లో ఉండాలి. పైన నీడ ఉండాలి. పక్క చేలవాళ్లతో మాట పట్టింపు లేకుండా ఉండాలి. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కోడి కాలికి గట్టు అడ్డం కాదు. పక్కాయన నారుమడిలో దిగి గింజలు కెలికినా, అప్పుడే విత్తిన వేరుశెనగ సాళ్లు తవ్వినా గొడవ ఖాయం. విత్తే రోజులు ముందే అడిగి తెలుసుకుని, ఆ పది పదిహేను రోజులు కోళ్లను వల వెనక ఉంచండి. తీరప్రాంతంలో వాడేసిన చేపల వలలు తక్కువ ధరకే దొరుకుతాయి. వెదురు కర్రలకు ఆరడుగుల ఎత్తున కడితే ఆ మాత్రం కట్టడికి చాలు. అప్పుడప్పుడు నాలుగు గుడ్లు పక్కింటికి పంపితే ఇంకా మంచిది.

ఎన్ని కోళ్లు పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. నా అనుభవంలో మామిడి తోటలో ఎకరానికి 40, 50 దాటితే నేల నున్నగా బోడిగుండులా అయిపోతుంది, మేతకు కొనుక్కురావలసిందే. మొదటిసారైతే 15తో మొదలుపెట్టండి. పదిహేనుని లెక్కపెట్టడం తేలిక.

ఏ కోళ్లు తేవాలి

రాత్రి చెట్టెక్కి పడుకోవాలంటే కోడి తేలిగ్గా ఉండాలి, ఎగరగలగాలి, భయస్తురాలై ఉండాలి. మన పల్లెల్లో తిరిగే సన్నపాటి నాటుకోడికి ఈ మూడూ ఉన్నాయి. దాని పూర్వీకులు అడవికోళ్లు, చెట్ల మీద పడుకునే జాతి. ఆ అలవాటు ఇంకా పోలేదు.

బ్రాయిలర్ సంగతి మర్చిపోండి, ఒక్క రోజు బతకదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు పెరటి పెంపకానికి బాగుంటాయి. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మంచిది. కానీ ఇవి రాత్రికి గూడు ఉన్న ఇళ్లకు నప్పే రకాలు. వనరాజా పుంజు ఒళ్లు చేశాక కొమ్మెక్కలేక కిందే కూలబడుతుంది, నక్కకు భోజనం పెట్టినట్టే. పైగా వీటిలో పొదుగుకు కూర్చునే గుణం బాగా తక్కువ. అసీల్ పెట్ట మంచి తల్లి, ముంగిసకు కూడా ఎదురు తిరుగుతుంది. అయితే బరువైన జాతి, తక్కువ ఎత్తు కొమ్మే ఎక్కుతుంది.

నాటుపెట్ట ఏడాదికి పెట్టేది యాభై, అరవై గుడ్లే. "ఇంతేనా" అనకండి. చెట్టెక్కి ప్రాణం కాపాడుకోవడం, పిల్లల్ని లేపడం కూడా ఆ ధరలోనే వస్తున్నాయి.

కొనేటప్పుడు వీలైతే తల్లి పెంచిన కోళ్లనే కొనండి. చెట్టెక్కడం, గద్ద నీడ పడగానే పొదలో దూరడం పిల్లలకు తల్లి నేర్పుతుంది. మిషన్‌లో పొదిగించిన పిల్లలకు అవి అంత తేలిగ్గా అబ్బవు, మనం అలవాటు చెయ్యాలి. రెక్కలు కత్తిరించి అమ్మేవాళ్లుంటారు. అలాంటివి తీసుకోకండి, మీరూ ఎప్పుడూ కత్తిరించకండి. గూడు లేని కోడికి రెక్కలే గూడు. పది పెట్టలకు ఒక పుంజు చాలు. పుంజు గుడ్ల కోసమే కాదు, మేసేటప్పుడు తలెత్తి ఆకాశం చూసే పని దానిదే.

తెచ్చిన రోజు నుంచి పదిరోజులు

తెచ్చిన రోజే వదిలేస్తే సాయంత్రానికి సగం కనబడవు. పాతకాలం వాళ్లు కొత్త కోడిని కాలికి గుడ్డపేలికతో కట్టి మూడు నాలుగు రోజులు గుంజకు ఉంచేవాళ్లు. ఒకటి రెండు కోళ్లకు అది బాగానే పనిచేస్తుంది. పదిహేనుంటే, అవి రాత్రి పడుకోవాల్సిన చెట్టు చుట్టూ వల కట్టి పదిరోజులు అందులోనే ఉంచండి. మేత, నీళ్లు అక్కడే. మొదటి రెండు మూడు రాత్రులు గంపల కింద కమ్మి పాకలోకి చేర్చండి.

నాలుగో రోజు నుంచి పొద్దుగూకుతుండగా ఒక్కొక్కదాన్ని ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టండి. దిగిపోతే మళ్లీ ఎక్కించండి. కోడికి రేచీకటి, బాగా మసకపడ్డాక ఎక్కిస్తే ఇక దిగదు. వారం ఇలా చేస్తే చాలావరకు వాటంతట అవే ఎక్కుతాయి. మొండిగా కిందే పడుకునేవి ఒకటో రెండో ఉంటాయి. వాటిని అమ్మెయ్యండి, లేదా పండక్కి వండుకోండి. నా తోటలో మొదట పోయిన తొమ్మిదిలో ఐదు ఇలాంటివే.

పిలుపు కూడా ఈ పదిరోజుల్లోనే అలవాటు చెయ్యాలి. "బో బో బో" అంటారో, డబ్బా కొడతారో మీ ఇష్టం, కానీ రోజూ ఒకే పిలుపు, ఒకే వేళ, పిలిచిన ప్రతిసారీ గింజలు. ఒట్టి చేతులతో ఒక్కసారి పిలిచారా, రెండోసారి అనుమానంగా చూస్తాయి.

పడక చెట్టు

ఈ మొత్తం వ్యవహారంలో మీరు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. మామిడి చెట్టు పనికిరాదని నాకు నష్టపోయాకే తెలిసింది. కొమ్మలు కిందినుంచే విచ్చుకుంటాయి, పక్క చెట్టుకి తగులుతుంటాయి. బావురుపిల్లికి అది మెట్లదారి.

వేప, చింత, కానుగ లాంటి చెట్టు, ఒంటరిగా ఉన్నది చూడండి. మొదలు ఆరేడడుగుల దాకా కొమ్మల్లేకుండా నిటారుగా ఉండాలి. పక్క చెట్టు కొమ్మగానీ, గోడగానీ, పాక కప్పుగానీ దగ్గర్లో ఉండకూడదు. మనిషి పడుకునే చోటికి ముప్పై, నలభై అడుగుల లోపు ఉంటే మేలు. పడుకునే కొమ్మ మన మణికట్టంత లావు ఉండి, కొంచెం అడ్డంగా సాగి ఉండాలి. అలాంటి కొమ్మ లేకపోతే రెండు కొమ్మల మధ్య వెదురు బొంగు కట్టండి.

తర్వాత మొదలుకి రేకు చుట్టాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తులో మొదలుపెట్టి, మూడడుగుల వెడల్పున చుట్టూ రేకు పట్టీ. పాత నూనె డబ్బాలు కోసి సాపు చేసినా చాలు. పిల్లి గోళ్లకు రేకు మీద పట్టు దొరకదు, జారిపోతుంది. మేకులు కొట్టకండి, తీగతో కట్టి ఏడాదికోసారి వదులు చెయ్యండి, లేకపోతే చెట్టు ఒరుసుకుపోతుంది. రేకు కింద చుట్టూ సర్కారు తుమ్మ కంపో, రేగు కంపో పేర్చితే ఇంకా గట్టిది.

మరి కోళ్లు ఎలా ఎక్కుతాయంటారా? బలంగా ఉన్నవి ఎగిరి ఎక్కుతాయి. మిగతావాటికి ఏటవాలుగా వెదురు నిచ్చెన వెయ్యండి. అన్నీ ఎక్కాక నిచ్చెన తీసెయ్యండి. ఇదొక్కటి మర్చిపోతే మీరు కట్టిన రేకు దండగ. పొద్దున దిగడానికి నిచ్చెనతో పనిలేదు, రెక్కలు విదిలించి దూకేస్తాయి.

సరైన చెట్టే లేకపోతే? నాలుగు గుంజలు పాతి పైన తాటాకు కప్పు వేసి, ఆరడుగుల ఎత్తులో అడ్డబొంగులు కట్టండి. గోడలక్కర్లేదు. గుంజలకు ఇందాకటిలాగే రేకు. చుట్టూ తలుపులు, మెష్ కొనే ఖర్చు తప్పుతుంది, వానకు కూడా తడవవు. నిజం చెప్పాలంటే కోస్తాలో తుపాన్ల రోజుల్లో చెట్టుకన్నా ఇదే నయం.

ఆ అరగంట

చలికాలం ఐదు గంటలకు, ఎండాకాలం ఆరింటికి. పొద్దు చెట్ల వెనక్కి జారకముందే తోటలో ఉండండి.

పడక చెట్టు కింద నిలబడి పిలవండి. గుప్పెడు నూకలో, సజ్జలో చల్లండి. కొంచెమే, పది నిమిషాల్లో ఏరుకుతినేంత. మిగిలిన గింజలకు ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాము వస్తుంది. అవి తింటుండగా లెక్కపెట్టండి. కదిలే కోళ్లను లెక్కపెట్టడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. అందుకని మా ఇంట్లో రంగులతో లెక్క. మంద చిన్నగా ఉన్నప్పుడు ఇలా ఉండేది: నల్లవి నాలుగు, ఎర్రవి ఆరు, పొడలవి మూడు, డేగ రంగు పుంజు ఒకటి. ఏ రంగులో తగ్గిందో వెంటనే తెలిసిపోతుంది.

ఒకటి తగ్గితే రెండు కారణాలుంటాయి. ఏదో తీసుకుపోయి ఉండాలి, లేదా పెట్ట ఎక్కడో పొదలో గుడ్ల మీద కూర్చుని ఉండాలి. రెండోదే ఎక్కువ. వెలుతురుండగానే వెతకాలి, అరగంట ముందే రమ్మన్నది అందుకే. దొరికితే పెట్టతో సహా గుడ్లను చీకటిపడ్డాక గంప కిందికి మార్చండి. పగలు మారిస్తే పొదుగు వదిలేస్తుంది.

తర్వాత పిల్లల కోళ్లకు గంపలు కమ్మి పైన బరువైన రాయి పెట్టండి. రాయి లేని గంపని కుక్క ముట్టెతో ఎత్తేస్తుంది. గంపల్ని పాకలో, మీ మంచం పక్కనే పెట్టుకుంటే ఇంకా మంచిది. చెట్టు మీద అన్నీ సర్దుకున్నాక నిచ్చెన తీసి, కాపలా కుక్కని విప్పి వెళ్లండి.

ఇంతే పని. ఒక్కరోజు పెళ్లికో పేరంటానికో వెళ్లి ఇది తప్పిపోతే, నక్క కూడా సరిగ్గా ఆరోజే వస్తుందని మా అమ్మ అంటుంది. నాకైతే నిజమేననిపిస్తుంది.

పగటి శత్రువులు

రాత్రి కాపలా కుదిరాక పగలు సంగతి. బయలు పచ్చికలో కోడిని వదిలితే గద్దకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. అడవికోడి పొదల మధ్య మేసే పక్షి, నెత్తిన ఏదో ఒక చాటు ఉంటేనే నిబ్బరంగా తిరుగుతుంది. మీ చోటు బయలు బీడైతే ఇరవై, ముప్పై అడుగులకు ఒకటి చొప్పున కంప కుప్పలు వెయ్యండి. కోడి దూరేంత సందు, పైన ముళ్లు. తాటాకుల్ని గుడారంలా ఆనించి నిలబెట్టినా సరే. కంది సాళ్లు వేసుకున్నా చక్కటి నీడ, చాటు.

పెద్ద కోడిని గద్ద మోసుకుపోలేదు, దాని గురి పిల్లల మీదే. జాలెడేగ, కాకి కూడా అంతే. చచ్చిన కాకిని కట్టి వేలాడదీస్తే కాకులు కొన్నాళ్లు రావు, తర్వాత అలవాటుపడిపోతాయి. అసలైన సాయం తోక చీలి ఉండే నల్లటి ఏట్రింత చేస్తుంది, పసులపోలిగాడనీ అంటారు. తన గూటి చాయలకు గద్ద వచ్చినా, కాకి వచ్చినా వెంటపడి తరుముతుంది. మీ తోటలో అది గూడు కడితే ఆ కొమ్మ జోలికి పోకండి.

ముంగిస మాటేసి మిట్టమధ్యాహ్నం వస్తుంది. దానికి రాళ్లకుప్పలు, పాత ఇటుకల దొంతర్లు, గట్టులో బొరియలు కావాలి. పడక చెట్టు చుట్టూ యాభై అడుగుల మేర అవి లేకుండా శుభ్రం చెయ్యండి. ముంగిసనీ, బావురుపిల్లినీ, ఉడుమునీ చంపకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. విషం పెట్టడం, కంచెకు కరెంటు తీగ లాగడం అసలు ఆలోచించకండి. ఆ తీగకు మనుషులే పోతున్నారు.

వీటన్నిటికన్నా ఊరకుక్కలు ప్రమాదం. నక్క ఆకలికి ఒకదాన్ని తీసుకుపోతుంది, కుక్కల మంద ఆటకు పదింటిని కొరికి పడేస్తుంది. దీనికి మందు మీ సొంత కుక్కే. నాటుకుక్క పిల్లని రెండు నెలల వయసులో తెచ్చి కోళ్ల మధ్యే పెంచండి. మొదటి ఏడాది మీరు లేకుండా కోళ్లతో ఒంటరిగా వదలకండి, ఆటకని తరిమి చంపుతుంది. ఏడాది దాటాక దానికి అవి తనవేనని తెలుస్తుంది. రెండు గినీకోళ్లు కూడా ఉంటే కొత్త మనిషి వచ్చినా, పాము కనబడినా తోటంతా అదిరేలా అరుస్తాయి. మధ్యాహ్నం కునుకు మీద ఆశ వదులుకోవాలి మరి.

గుడ్లు, పిల్లలు

గుడ్డు పెట్టే చోటు మీరు చూపించకపోతే పెట్టే చూసుకుంటుంది, అది మీకు దొరకదు. పాకలో మూలకు వాలుగా పడుకోబెట్టిన పాత కుండలు, గడ్డి వేసిన తట్టలు నాలుగైదు పెట్టండి. కొంచెం చీకటిగా ఉండాలి. ప్రతి దాంట్లో ఒక గుడ్డు వదిలేయండి, దాన్ని చూసి మిగతావి అక్కడే పెడతాయి. వదిలిన గుడ్డు మీద బొగ్గుతో గీత గియ్యండి, లేకపోతే ఏది పాతదో తెలియదు. గుడ్లను పొద్దున పదకొండింటికొకసారి, సాయంత్రం ఒకసారి తియ్యాలి.

పొదుగుకు వచ్చిన పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు చాలు, అంతకన్నా పెడితే అంచు గుడ్లు చల్లబడతాయి. వారం తర్వాత రాత్రిపూట టార్చి మీద పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనబడాలి. ఖాళీగా ఉన్నవి తీసెయ్యండి. 21 రోజులకు పిల్లలు. సంక్రాంతి నుంచి శివరాత్రి లోపు పొదగేస్తే బాగా లేస్తాయి. నడి ఎండల్లో వేసినవి చాలావరకు మురిగిపోతాయి.

పిల్లల విషయంలో మాత్రం "వదిలెయ్యండి" అనే మాట చెప్పను. మా తోటలో మొదటి ఈతలో 11 పిల్లలు లేస్తే నెలకు 3 మిగిలాయి. ఇప్పుడు మొదటి రెండు వారాలు తల్లితో సహా పెద్ద గంప కిందే. రోజూ గంప చోటు మారుస్తాం, కొత్త నేల దొరుకుతుంది. తర్వాత పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట మనిషి కాపలాతో బయటికి. నెలన్నర దాటాక మందలో కలుపుతాం. రెండు నెలలకు తల్లి వాటిని తనతో చెట్టెక్కిస్తుంది.

పిల్లలకు నూకలతో పాటు చెదలు పెట్టి చూడండి. పాత కుండలో ఎండుగడ్డి, పేడ, గోనెసంచి ముక్క కూరి, నీళ్లు చల్లి, చెదలున్న చోట బోర్లించండి. మర్నాటికి చెదలు పట్టి ఉంటాయి. విదిలిస్తే పిల్లలు ఎగబడి తింటాయి.

మేత, నీళ్లు, విషాలు

పెద్ద కోళ్లకు తోటలో సగం మేత దొరుకుతుంది. రాలిన మామిడికాయల్లోని పురుగుల్నీ, మట్టిలో దాగిన కోశాల్నీ (పురుగు ఈగగా మారే ముందు దశ) కెలికి తింటాయి కాబట్టి పండుఈగ బెడద కూడా కొంత తగ్గుతుంది. పొద్దున కాస్త తౌడు, సాయంత్రం గింజలు మీరు పెట్టండి. గుడ్లు పెట్టేవాటికి దంచిన గుల్ల ఒక చిప్పలో ఎప్పుడూ ఉండాలి. ఎండాకాలం నీళ్లు మట్టి బానల్లో, నీడలో, రోజుకు రెండుసార్లు మార్చాలి.

చెరువు నీళ్ల జోలికి పోనివ్వకండి. చలికాలంలో కొల్లేరు చుట్టుపక్కలకు వలసపక్షులు వస్తాయి. బర్డ్ ఫ్లూ అడవి బాతుల రెట్టల ద్వారా నీళ్లలోకి చేరగలదు. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడ్డప్పుడు ఎంత గగ్గోలైందో గుర్తుందిగా. ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చి పడితే వట్టి చేతులతో ముట్టుకోకండి, వండుకోకండి, వెంటనే పశువైద్యశాలకు చెప్పండి.

నక్కకన్నా నాకు టెన్షన్ పెట్టేది పురుగుమందు. వరిలో చల్లే గుళికల మందు కోడి కంటికి గింజే. కొద్దిగా తిన్నా ప్రాణం మీదికొస్తుంది. మందు పట్టించిన విత్తనం, ఎలుకల మందు కలిపిన నూకలు కూడా అంతే. పక్క చేలో ఎప్పుడు చల్లుతున్నారో కనుక్కుని ఆ వారం కోళ్లను వల లోపలే ఉంచండి. మన తోటలో స్ప్రే చేసినప్పుడూ ఇదే పాటించండి.

టీకాలు

బయట తిరిగే కోడికి రోగాలు రావనేది వట్టిమాట. కొక్కెర తెగులు (రాణిఖెట్) వస్తే మందు లేదు, నాలుగు రోజుల్లో మంద మొత్తం ఊడ్చుకుపోతుంది. దానికి పిల్లలకు వారం లోపు కంట్లో లసోటా అనే టీకా చుక్క, నెలకు మళ్లీ ఒకసారి, రెండు నెలలు నిండాక రెక్క కింద ఆర్‌టుబి అనే టీకా సూది. మశూచి టీకా ఆరువారాల వయసులో. తర్వాత ఎప్పుడెప్పుడు వెయ్యాలో మీ పశువైద్యుణ్ణి అడిగి రాసుకోండి. మూడు నెలలకోసారి నట్టల మందు.

టీకా సీసా సాధారణంగా వంద డోసులది. మన పదిహేనుకి వృథా కదా అని మానెయ్యొద్దు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కలుపుకుని ఒకేరోజు వేయించండి. వాళ్ల కోళ్లకు తెగులొస్తే మీవాటికీ వస్తుంది. సీసాని ఐసు ముక్కల మధ్య తెచ్చి, కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. పగలు నాటుకోడిని పట్టుకోవడం మనవల్ల కాదు. రాత్రి ఎనిమిదింటికి నిచ్చెన వేసుకుని వెళితే పళ్లు కోసినట్టు ఒక్కొక్కదాన్నీ దించుకోవచ్చు.

పేలు పట్టకుండా పొయ్యి బూడిద, ఎండిన వేపాకు పొడి, మెత్తటి మట్టి కలిపి వాన తగలని చోట ఒక గుంటలో పొయ్యండి. అందులో పొర్లాడి వాటి స్నానం అవే చేసుకుంటాయి.

పోయినప్పుడు ఏం చూడాలి

కోడి పోయిన మర్నాడు తిట్టుకుంటూ కూర్చోకుండా ఆనవాళ్లు చూడండి. ఈకలు ఒకేచోట గుండ్రంగా కుప్పపడి ఉంటే డేగ, అక్కడే పీక్కుని తింది. ఈకలు ఒక దారి వెంట గట్టుదాకా పడి ఉంటే నక్కో బావురుపిల్లో నోట కరుచుకుపోయింది. నాలుగైదు చచ్చి, తినకుండా పడి ఉంటే కుక్కలు. మెడ దగ్గర మాత్రమే కొరికి ఉంటే ముంగిసని అనుమానించండి. గుడ్ల పెంకులు పగిలి ఉంటే ముంగిసో కాకో, పెంకు కూడా లేకుండా గుడ్లు మాయమైతే పామో ఉడుమో. ఒక్క ఈకా లేకుండా, కుక్క మొరక్కుండా, మంచి పుంజే పోయిందంటే అది రెండు కాళ్ల జంతువు. సంక్రాంతికి ముందు నెల ఇలాంటివి ఎక్కువ. ఆ నెల అమ్మాల్సిన పుంజుల్ని ముందే అమ్మేసి, ఈతకు ఉంచుకున్నదాన్ని రాత్రిళ్లు ఇంటికి తెచ్చుకోండి.

దొంగ ఎవరో తెలిశాక వరసగా వారం పదిరోజులు జాగ్రత్త పడాలి. ఒకసారి దొరికిన చోటికి నక్క మళ్లీ అదే వేళకు వస్తుంది. ఆ పదిరోజులు కోళ్లన్నిటినీ గంపల కిందో పాకలోనో ఉంచి, కుక్కని చెట్టు దగ్గర విప్పండి. ఏమీ దొరక్కపోతే దారి మార్చుకుంటుంది.

చివరగా పొదగేసే గుడ్ల సంగతి. ఏ పెట్ట గుడ్లు పడితే అవి వెయ్యకండి. సాయంత్రం అందరికన్నా ముందు చెట్టెక్కేది, అందరికన్నా పైకొమ్మ మీద పడుకునేది, పిల్లల్ని ఎక్కువ మిగుల్చుకున్నది ఏదో రంగుతో గుర్తు పెట్టుకోండి. దాని గుడ్లే వెయ్యండి. మా తోటలో ఒక పొడల పెట్ట ఉంది, ఆరేళ్ల ముసలిది. ఇప్పుడు ఇక్కడున్న ముప్పై నాలుగు కోళ్లలో ఇరవై దాని సంతానమే. వాటిలో ఏ ఒక్కదానికీ నిచ్చెన వెయ్యాల్సిన అవసరం రావడం లేదు.